చిత్రాన్నం మరక

నాయిన పోయినాక మాకిది మొదటి ఉగాది. ఏడాది తిరగలేదు కాబట్టి పండగ చేయలేదు. పక్కింటి అత్త చిత్రాన్నం తెచ్చిచ్చి, నాకు పసుపు కుంకుమ పెట్టి, పక్కనే ఉన్న అమ్మ లేనట్టే వెళ్లిపోయింది.

తింటాంటే చిత్రాన్నం అమ్మ తెల్లచీర మీద పడి పచ్చటి మరకైంది. చీర మార్పించి, నేను తెలివి లేక సబ్బు రుద్దినా. మరక ఎర్రగా తిరిగింది.

అమ్మ దాన్ని అట్లే చూసి, "పసుపూ వచ్చె, కుంకుమా వచ్చె. ఇంగ రుద్దొద్దులే పాపా" అనింది.

చీర పిండి మిద్దె మీద ఆరేసినా.

కర్నూలు ఎండ సంగతి తెలుసు కదా. సాయంత్రానికి రెండు రంగులూ పోయినాయి.

పసుపు మరక పోయే చిట్కాలు శానామంది చెప్తారు. పోకుండా ఉండేది ఎవురికన్నా తెలుసా?