పదకొండేళ్ల ఎడమ చేయి

ఫ్యాక్టరీలో ఆమెను అందరూ ఎడంచెయ్యి అక్క అనేవారు. నిజానికి ఆమెది కుడిచేతివాటమే. చొక్కాకు ఎడమ చేయి అతికించడం ఆమె పని. పక్క మిషను మీద కాలరు, ఆ పక్కన జేబు, వెనక వరసలో కాజాలు. కుడి చేయి ఎవరు అతికించేవారో ఆమెకు సరిగా తెలియదు. అది గోడ అవతలి లైను.

అంతకుముందు ఆమె మేనమామ కొట్లో టైలరు. మనిషిని నిలబెట్టి కొలిచి, గుడ్డ మీద సుద్దతో గీసి, తనే కత్తిరించి, తనే కుట్టేది. విదేశీ కంపెనీ వచ్చి నెల తిరిగేసరికల్లా జీతం చేతిలో పెడుతుంటే కొట్టు వదిలేసింది. ఊళ్లో మిగతా కుట్టుపనివాళ్లూ అంతే.

"వెళ్లండమ్మా వెళ్లండి. నేను ఈగలకు చొక్కాలు కుట్టుకుంటా," అన్నాడు మేనమామ. రెండేళ్లకు కొట్టు మూతపడింది. ఆ తర్వాత ఆయనా పోయాడు.

కంపెనీ చెడ్డదని ఆమె ఎన్నడూ అనలేదు. ఆ పదకొండేళ్ల జీతంతోనే రేకుల ఇంటికి స్లాబు పడింది, కూతురు నర్సింగు చదివింది. కానీ గుడ్డ, దారం, గుండీలు అన్నీ ఓడలో వచ్చేవి. చొక్కాలు ఓడలో పోయేవి. ఊరు పెట్టింది చేతులు మాత్రమే. మరో దేశంలో అంతకన్నా చౌకగా చేతులు దొరికాయి. వారంలో మిషన్లు విప్పి లారీలకు ఎక్కించారు. నేల మీద బోల్టుల గుంటలు మిగిలాయి.

మూడు నెలలకు బడి పెద్దమేడం కబురు పంపింది. పిల్లల యూనిఫాం చొక్కాలు ఈసారి ఊళ్లోవాళ్ల చేతే కుట్టించాలని ఆవిడ పట్టుదల. ఒక్క చొక్కాకు గుడ్డ ఇచ్చి, "సోమవారం కమిటీకి చూపించాలి. నచ్చితే ఏటా ఈ పని మీదే," అంది.

కాలరు, జేబు, కాజాలు కుట్టిన ముగ్గురూ ఆమె ఇంట్లో కూడారు.

"నలుగురం కలిస్తే ఒక టైలరు," అని నవ్వింది కాలరామె. "కత్తెర మాత్రం నీదే అక్కా. మాకు ముక్కలై వచ్చిన గుడ్డే తెలుసు."

గుడ్డ బొటాబొటిగా ఉంది. గళ్లు ఒకవైపే అచ్చు వేసిన రకం కావడంతో తిరగేసి వాడుకోవడానికి లేదు. మడత మీద కత్తిరిస్తే ఎడమ, కుడి చేతులు వాటంతటవే జతగా వస్తాయి. గుడ్డ చాలక ఆమె మడత విప్పి ఒక్కో చేయి విడిగా గీసింది. అలా గీసేటప్పుడు కాగితం నమూనాను రెండోసారి తిరగేసి పెట్టాలి. ఆమె పెట్టలేదు. అతికించేటప్పుడు కొలత సరిపోయింది కాబట్టి కుట్టు ఎక్కడా ఎదురు తిరగలేదు.

సోమవారం నాలుగో తరగతి పిల్లకు చొక్కా తొడిగారు. నిలబడితే ముచ్చటగానే ఉంది.

"ఏదీ, బోర్డు మీద నీ పేరు రాయి తల్లీ," అన్నాడు కమిటీ పెద్దాయన.

పిల్ల కుడి చేయి ముందుకు చాచగానే భుజం దగ్గర గుడ్డ బిగిసి, చొక్కా పక్కకు ఈడ్చుకుపోయింది.

"పట్టేస్తోంది టీచర్."

అక్క వెళ్లి చంక దగ్గర తడిమి చూసింది. కుడి చేతికి ముందు ఉండాల్సిన లోతు వంపు వెనక్కి పోయింది. రెండూ ఎడమ చేతులే.

"ఒక్క రోజు ఆగండి మేడం. ఇంకో ముక్క ఇప్పించండి, సరిచేస్తాను."

"పదకొండేళ్లు ఫ్యాక్టరీలో చేశానన్నావు కదమ్మా! ఏం కుట్టావక్కడ?" అన్నాడు పెద్దాయన.

"ఎడమ చేయేనండి," అంది ఆమె, ఉన్నమాటే.

కమిటీ వాళ్లు నవ్వారు. పెద్దమేడం నవ్వలేదు, కానీ ఒక్క రోజు ఆగుదామనీ అనలేదు. బయట కాచుకుని ఉన్న రెడీమేడ్ చొక్కాల వ్యాపారిని లోపలికి పిలిచారు.

"పోనీ ఇది ఆ పిల్లకే ఉంచమ్మా, ఇంట్లో వేసుకుంటుంది," అంది మేడం.

"వద్దు మేడం. చేయి లేవని చొక్కా ఎవరికీ ఇవ్వను."

వరండా మెట్ల మీద కూర్చుని కుట్టు విప్పసాగింది. కాలరామె పక్కనే నిలబడింది.

"ఆర్డరు పోయింది కదక్కా. ఇప్పుడు విప్పి ఏం చేస్తావు?"

"ఎక్కడ తప్పానో చూడాలి."

"చూసి?"

చేయి ఊడి వచ్చింది. దాన్ని మోకాలి మీద పరిచి, కుడి చేతి వంపు వేలితో గీయబోయింది. వేలు ఎటు నుంచి మొదలుపెట్టాలో తోచక అక్కడే ఆగిపోయింది. కాలరామె కాసేపు చూసి, "నేను వెళ్లొస్తానక్కా," అని మెట్లు దిగింది.

లోపల పిల్లకు ఇంకో చొక్కా తొడిగారు. "ఇది బాగుంది టీచర్," అంటోంది.