టోఫూ ముక్కలు, కొబ్బరిపాల తాలికలు

పోయిన నెల మా అమ్మాయి బెంగుళూరు నుంచి పది రోజుల సెలవు మీద వచ్చినప్పుడు, రాజమండ్రిలో మా వంటింట్లో, నా యాభై అయిదేళ్ళ జీవితంలో మొదటిసారి టోఫూ అనే పదార్థాన్ని ఓవెన్లో పెట్టి కాల్చాను. మన ఈడు వాళ్ళలో తెలియని వాళ్ళుంటే చెబుతున్నాను, సోయా గింజల్లోంచి పాలు తీసి, విరగ్గొట్టి, పలకలుగా బిగించి, నీళ్ళతో సహా ప్యాకెట్లో పెట్టి అమ్ముతారు. చూడ్డానికి పనీరులాగే ఉంటుంది గానీ ఉత్తది నోట్లో పెట్టుకుంటే తడిసిన సుద్దముక్కకీ దానికీ పెద్ద తేడా ఉండదు. ఏడాదిగా మా అమ్మాయి వీగన్. మాంసం, గుడ్డు మానేసిందంటే సరేననుకోవచ్చు, పాలు, పెరుగు, నెయ్యి, చివరికి తేనె కూడా ముట్టదు. ఈ సంగతి ఫోనులో చెప్పిన రోజున దాంతో ముప్పావుగంట వాదించాను, పెరుగన్నం తినని మనిషి గోదావరి జిల్లాలో పుట్టి ఏం ప్రయోజనమని కూడా అన్నాను. అది ఓపిగ్గా అంతా విని, "నువ్వు తినమ్మా, నేను వద్దనలేదుగా" అని ఫోను పెట్టేసింది. ఆ మాట ఎక్కడో విన్నట్టే అనిపించింది గానీ, ఎక్కడో గుర్తు తెచ్చుకోవడం నాకే ఇష్టం లేక ఊరుకున్నాను.

వచ్చేటప్పుడే చెప్పింది, టోఫూని ఏ బఠాణీ కూరలోనో ముక్కల్లా పడెయ్యకుండా, అన్నంలోకి అదే అసలు వంటకంగా, పైన కరకరలాడుతూ లోపల మెత్తగా ఉండేటట్టు కాల్చి పెట్టమని. ఆ మాత్రం చెయ్యలేనా అనుకుని చదరపు ముక్కలు కోసి, ఉప్పూ మిరియాలపొడీ అల్లం వెల్లుల్లీ పట్టించి, మొక్కజొన్నపిండి చల్లి, ఓవెన్లోకి తోశాను. అరగంట తర్వాత తీస్తే ముక్కలన్నీ నీళ్ళోడుతూ, ఒకదానికొకటి అతుక్కుని, పాలిపోయిన మొహాలతో ఉన్నాయి. అమ్మాయి స్నానానికి వెళ్ళింది. మావారు తొంగి చూసి, "ఓ చెంచా నెయ్యి పట్టించి మళ్ళీ పెట్టవే, కరకరలాడిపోతాయి. దానికేం తెలుస్తుందేంటి?" అన్నారు. ఆయన మీద ఎలా ఎగిరానంటే, "నేనేమన్నానే ఇప్పుడు?" అంటూ ఆ మనిషి పేపరు పట్టుకుని వసారాలోకి వెళ్ళిపోయారు. ఆయనకి తెలియనిది, మీకు చెప్పకుండా ఉండలేనిది ఏంటంటే, ఆయన ఆ మాట అనేసరికే నా చేతిలో నేతిగిన్నె మూత ఉంది.

నేను కాపరానికి వెళ్ళింది తణుకు దగ్గర కాలవ గట్టునున్న ఒక పల్లెటూరికి. అత్తవారిది వ్యవసాయం, వాకిట్లో రెండు గేదెలు, పొద్దున్నే తెల్లటి నురగతో రెండు తప్పేలాల పాలు. పాలు పితకడం, కాచి తోడుపెట్టడం, కవ్వం వేసి చిలకడం, తమలపాకు వేసి నెయ్యి కాచడం అన్నీ మా అత్తగారే చేసేవారు, ఆవిడ కాచిన నేతి వాసన వీధి మలుపుకి వచ్చేది. కానీ ఆవిడ మాత్రం పాలచుక్క ముట్టేవారు కాదు. అందరికీ గడ్డపెరుగు వడ్డించి, ఆఖర్న కూర్చుని, చారన్నంతోనో పచ్చిపులుసుతోనో భోజనం ముగించేవారు. ఎవరినీ మానమన్నది లేదు, ఎవరి విస్తరివైపూ వంకరగా చూసింది లేదు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు, "నాకు సయించదమ్మాయ్. నువ్వు తిను, నేను వద్దనలేదుగా."

నాకా, జువాలజీలో పట్టా కొత్తగా చేతికొచ్చింది. కాలేజీలో వాదనల పోటీలంటే నా పేరు ముందు రాసి తర్వాత మిగతావాళ్ళ పేర్లు రాసేవారు. అవతలివాళ్ళు ఊరుకుంటే గెలిచామనుకునే తెలివితేటలు నావి, అత్తగారేమో ఎప్పుడూ ఊరుకునే మనిషి. పాలు తాగకపోతే ఎముకలు గుల్లబారతాయన్నాను, సయించకపోవడం అన్నది కడుపులో ఉండదు, మనసులో ఉంటుందన్నాను, బొమ్మలు గీసి మరీ చూపించాను. ఆవిడ బియ్యం ఏరుకుంటూ శ్రద్ధగా విని, "ఎంత బాగా చెబుతావో నువ్వు" అనేవారు. ఆ మెచ్చుకోలు నాకు ఒళ్ళు మండించేది. ఆవిడ మంచి కోసమే నా తాపత్రయమని అప్పుడు నన్ను నేను నమ్మించుకున్నాను గానీ, నిజానికి నాక్కావలసింది ఆవిడ ఆరోగ్యం కాదు, ఆవిడ చేత అవుననిపించడం.

కాపరానికి వెళ్ళిన మొదటి వినాయక చవితికి ఆ అవకాశం వచ్చింది. చవితికి మన వైపు ఉండ్రాళ్ళతో పాటు పాలతాలికలు ఉండాల్సిందే కదా. బియ్యప్పిండి తాలికలు అందరికీ గేదెపాలలోనూ, అత్తగారికి మాత్రం విడిగా చిన్న గిన్నెలో కొబ్బరిపాలలోనూ ఉడికించడం ఆ ఇంటి పద్ధతి. ఆవేళ పూజ పనుల్లో ఉండి, తన కోసం తీసి ఉంచిన కొబ్బరిపాల చెంబు నా చేతికిచ్చి, "నావి కూడా నువ్వే కాచెయ్యమ్మా" అన్నారు. అంతకు ముందు తనది ఎవరికీ అప్పగించలేదట. నేను కొబ్బరిపాలు అరటిచెట్టు మొదట్లో పారబోసి, చిన్నగిన్నెలో కూడా గేదెపాలే పోసి, వాసన పట్టెయ్యకుండా కాస్త కొబ్బరికోరూ, ఎక్కువగా యాలకులూ వేశాను. ఆవిడ గిన్నెడు తిని, మళ్ళీ అడిగి వేయించుకుని, "ఇవాళ తాలికలు అమృతంలా ఉన్నాయి, నీ చేతిలో ఏదో ఉందమ్మాయ్" అన్నారు.

అందరూ విస్తళ్ళ ముందున్నారు. నేను గరిటె పట్టుకుని నిలబడి, "అత్తయ్యగారూ, మీరిప్పుడు తిన్నది అచ్చమైన గేదెపాలలో కాచినవండి. సయించదన్నారుగా, సయించిందా లేదా చెప్పండి" అన్నాను. మావారు పొలమారేటట్టు నవ్వారు. మామగారు నవ్వలేదు. అత్తగారు చేతిలోని గిన్నె కింద పెట్టి, లేచి పెరట్లోకి వెళ్ళారు. వాంతి చేసుకుంటారేమో, అదీ మనసు కల్పించుకున్నదేనని చెబుదామని వెనకాలే వెళ్ళాను. ఆవిడ నోరు పుక్కిలించుకుని, పాక దగ్గరికి వెళ్ళి, గేదె వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు, అంతే. లోపలికొచ్చాక నాతో అన్న మొదటి మాట, "నువ్వింకా తినలేదేంటమ్మా, కూర్చో వడ్డిస్తాను."

సాయంత్రం మామగారు అరుగు మీద కూర్చుని నన్ను పిలిచి, తలెత్తకుండా చెప్పారు. నేను ఆ ఇంటికి రావడానికి నాలుగేళ్ళ ముందు, ఈనిన పదిహేను రోజులకి ఒక గేదె దూడ చచ్చిపోయిందట. దూడ కనబడకపోతే గేదె చేపదు, పాలివ్వదు. అప్పటి అలవాటు ప్రకారం దూడ తోలు ఒలిపించి, లోపల గడ్డి కూరి, కుట్టించి, పాలు పితికే వేళకి గేదె ముందు నిలబెట్టేవారట. నిలబెట్టిందీ, పితికిందీ అత్తగారే. గేదె దాన్ని నాకుతూ చేపేది. కొన్నాళ్ళకి కుట్లు ఊడి గడ్డి బయటికొచ్చింది. ఆకలి మీదున్న గేదె ముట్టె కిందే గడ్డి ఉన్నా ఒక్క పరక కొరకలేదట, తోలునే నాకుతూ నిలబడిందట. ఆవేళ పాలు తెచ్చి వంటింట్లో పెట్టి, ఇక తనకి సయించదని చెప్పేసిందట ఆవిడ. "కారణం చెబితే తినేవాళ్ళకి ముద్ద దిగదని ఎవరికీ చెప్పదమ్మా. నువ్వూ నాతో విన్నట్టు అనకు" అన్నారు మామగారు.

చెప్పవద్దన్నారు కదా అని ఆవిడ దగ్గరికి వెళ్ళలేదు. ఇది ఎంత చక్కని సాకో చూడండి. నన్ను క్షమించమనడానికి దూడ కథ ఎత్తాల్సిన పనేముంది? మోసం చేశాను, తప్పు చేశాను అంటే సరిపోయేది. రేపు అంటాను, పండగ వాతావరణం పోయాక అంటాను అనుకున్నాను, ఆ తర్వాత ఆవిడే మామూలుగా మాట్లాడుతున్నారు కదా, మళ్ళీ కదపడం ఎందుకనుకున్నాను.

మామూలుగానే మాట్లాడారు, జడ వేశారు, చీరకి ఫాల్ కుట్టారు. కానీ ఆ చవితి తర్వాత ఆవిడ నా చేతి వంట తినలేదు. తిననని ఎప్పుడూ అనలేదు. నేను వంటింట్లోకి రాకముందే మూల ఉన్న కుంపటి మీద చిన్న గిన్నెలో తనది తాను ఉడకేసుకునేవారు, నేను ఏదైనా తెచ్చి పెడితే ఇప్పుడే కడుపు నిండిందనో, ఇవాళ ఒక పూటేననో చెప్పి తప్పించుకునేవారు. వచ్చిన చుట్టాలు, కోడలొచ్చినా ఇంకా మీకీ చాకిరీ ఏంటండీ అంటే, "నాకిలాగే బావుంటుందండి, మా అమ్మాయి చెయ్యనంటుందా?" అని నన్నే వెనకేసుకొచ్చేవారు. నాకు కాన్పయినప్పుడు కాయం ఉండలు కట్టింది ఆవిడే. నేతిలో వేయించి, నేతితో ఉండ చుట్టి, పొద్దున్నే నా నోట్లో పెట్టి, "ఒళ్ళు గట్టిపడాలి, నెయ్యి పడాలి నీకు" అన్నారు. తనకి పడని దాన్ని నాకోసం చేత్తో కలిపారు. నేను నోరు తెరిచి మింగాను, ఆ తెరిచిన నోటితోనే ఒక్క మాట అనలేకపోయాను.

ఆవిడ చివరి వారం మంచం మీదున్నారు. నూకలు జావలా కాచి, ఉప్పేసి, చెంచాతో పట్టించాను. రెండు చెంచాలు తాగారు. క్షమించి తాగారో, కాదనే ఓపిక లేక తాగారో నాకు తెలియదు, ఈ పన్నెండేళ్ళలో ఏ పూటకా పూట ఒక్కో రకంగా అనుకుంటూ ఉన్నాను.

అందుకని పోయిన నెల ఆ నేతిగిన్నె మూత మూసేసి, రెండో పలక తీసి, ఈసారి తీరుబడిగా చేశాను. టోఫూని గుడ్డలో చుట్టి, మీద రుబ్బురోలు పొత్రం పెట్టి అరగంట ఉంచితే గిన్నెడు నీళ్ళు దిగాయి. అసలు తప్పు అక్కడుంది, నీరు పోకుండా ఏ పిండి చల్లీ లాభం లేదు. మొక్కజొన్నపిండికి తోడు మన బియ్యప్పిండి వేసి, ఒక చెంచా నువ్వులనూనె పట్టించి, ముక్కకీ ముక్కకీ వేలెడు సందు ఉండేటట్టు పరిచి, సగంలో తిరగేస్తే, కరకరలాడుతూ గోధుమరంగులో దిగాయి. అమ్మాయి గోంగూర పచ్చడీ వేడన్నం పెట్టుకుని, ఏం వేశావని మాట మాత్రం అడక్కుండా, ఆరేడు ముక్కలు తినేసింది. అడక్కపోవడమే నన్ను కూర్చోనివ్వలేదు. అలా నమ్మి తింటున్న పిల్లకి తాలికల సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను, మూతతీసిన నేతిగిన్నె సంగతితో సహా.

దాని చెయ్యి కంచంలో ఆగిపోయింది. "నానమ్మకి తన వంట తప్ప నచ్చదనుకున్నానమ్మా ఇన్నాళ్ళూ" అంది. ఆ వెంటనే, "వీటిల్లో ఏం వేశావు?" అని అడిగింది. మావారు, "అమ్మని అడిగే ప్రశ్నేనా అది?" అని కసిరారు. అడగనివ్వండి అన్నాను. ఒక్కొక్కటీ చెప్పాను. అయినా లేచి వంటింట్లోకి వెళ్ళింది, గిన్నెలు కదిలిన చప్పుడైంది, తిరిగొచ్చి కూర్చుని మిగిలిన ముక్కలు తింది. సెలవులో మిగిలిన వారం రోజులూ నేను పొయ్యి దగ్గరికి వెళితే చాలు, సాయం చేస్తానంటూ వచ్చి పక్కన నిలబడింది, ఉల్లిపాయలు తరిగింది. సాయమే కావచ్చు. నేను నొచ్చుకోలేదని అనను, కాదనలేదు, అంతే.

కాలం మారింది. పాలు వద్దనుకునేవాళ్ళకి ఇవాళ ఒక పేరుంది, దుకాణంలో వాళ్ళకంటూ ఒక అర ఉంది, ప్యాకెట్ మీద ఏమేం కలిపారో చీమతలంత అక్షరాలతోనైనా రాసి ఉంటుంది. పిల్లలు మొహం మీదే అడుగుతారు, లేచి వెళ్ళి చూసుకుంటారు. మా అత్తగారికి పేరు లేదు, అర లేదు, వండినవాళ్ళ మాట ఒక్కటే ఉంది, వండింది నేను. ఆవిడ కూడా మా అమ్మాయిలాగే నన్ను ఒక్కసారి నిలదీసి, ఎందుకిలా చేశావని అడిగి ఉంటే, ఆ రోజే ఏడ్చి తేల్చుకుని ఉండేదాన్ని. చూశారా, అడగలేదని తప్పు మళ్ళీ ఆవిడ మీదకే తోస్తున్నాను, ఈ వాదన కూడా గెలవాలనే చూస్తున్నాను. ఆవిడ అడగాల్సిన అవసరమేముంది? ఒకే కప్పు కింద పద్దెనిమిదేళ్ళున్నాం. తప్పు నాదే అత్తయ్యగారూ అని మూడు ముక్కలు వంటింట్లోంచి అరుగు దాకా మోసుకెళ్ళలేకపోయాను. ఇప్పుడు మా అమ్మాయికి చెప్పాను, మీకు చెబుతున్నాను, వినవలసిన మనిషికి తప్ప అందరికీ చెబుతున్నాను.