దీవిని మేసిన మేకలు

రేవులో పడవ ఇంజన్లు బాగుచేసే ఆవిడను అందరూ ఫిరంగి అంటారు. ముఖం మీద కాదు లెండి, అంత గుండె ఎవరికుంది? రేకుల షెడ్డులో నూనె చేతులతో కూర్చుని, మొరాయించిన ఇంజన్‌ని తిట్టి తిట్టి దారికి తెచ్చే మనిషి. ఇంజన్ కన్నా ముందు దాని యజమానికి పడతాయి అక్షింతలు.

"నూనె మార్చమంటే మార్చవు గానీ, నీ నెత్తికి రాసుకోవడానికి మాత్రం సీసాలు సీసాలు కావాలి!" అంటుంది.

తిట్లు తిన్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. ఆమె చేతిలో పడ్డ ఇంజన్ సముద్రం మధ్యలో ఆగదు మరి.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. చిన్నప్పుడు నాన్నతో, అన్నతో చేపల వేటకు వెళ్తే, ఇంజన్ ఆగిపోయి, గాలివాన వాళ్ల పడవను ఎదురుగా ఉన్న దీవి మీదికి తోసేసింది. మనుషులెవరూ ఉండని చిన్న దీవి. గాలి కొట్టే వైపు నల్లరాళ్లు, ఇవతలి వైపు ఎండ నేలకు దిగనంత అడవి. అడవి నడుమ, మేడిచెట్టు వేళ్లు పెనవేసుకున్న ఒక బండ కింద మంచినీటి ఊట. చుట్టూ నోట పెట్టలేని ఉప్పునీళ్లు, మధ్యలో ఆ చల్లటి తీపినీళ్లు! వాన వెలిసి ఎవరో వచ్చి తీసుకెళ్లేదాకా ముగ్గురి ప్రాణాలూ నిలిపింది అదే. ఆకలికి మాత్రం మేడికాయలు, దొరికితే పీతలు.

నాన్న మంచివాడు. మంచివాళ్లు చేసే పనులే ఒక్కోసారి కొంప ముంచుతాయి. మనం పడ్డ ఆకలి ఇంకొకడు పడకూడదని, ఒక మేకపోతునీ రెండు మేకలనీ తీసుకెళ్లి దీవిలో వదిలాడు. "ఇవి అక్కడ చిక్కుకుపోయినవాళ్ల కోసం. ఇంకెవరూ ముట్టుకోకూడదు" అని రేవులో అందరిచేతా ఒట్టు వేయించాడు. ఎవరూ మేకలను ముట్టుకోలేదు. మేకలు మాత్రం అన్నిటినీ ముట్టుకున్నాయి.

నాన్న పోయిన ఎన్నో ఏళ్లకు, బాగుచేసిన ఇంజన్‌ని నడిపి చూస్తూ ఆమె అటు వెళ్లింది. దాహం తీర్చుకుందామని దిగి, అలాగే నిలబడిపోయింది. పెద్ద చెట్లన్నీ ఉన్నాయి, కింద పిల్లమొక్క ఒక్కటి లేదు. మేక నోరు అందినంత ఎత్తు వరకు గీత గీసినట్టు బోసి. పొదలు లేవు, పొదల్లో గూళ్లు కట్టే పిట్టలూ లేవు. డెక్కలు గుల్ల చేసిన మన్ను వానలకు కడలిలోకి కొట్టుకుపోయి, చెట్ల వేళ్లు బయటపడ్డాయి. బండ కింద చెయ్యి పెడితే బొట్టూ బొట్టూ పడుతోంది. ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది.

తిన్నగా అన్న ఇంటికి పోయింది. అన్న ఇప్పుడు పడవల సంఘానికి పెద్ద. పెరట్లో గోడంతా అల్లుకున్న మల్లెపొదకు నీళ్లు పోస్తున్నాడు. వాళ్లమ్మ పెట్టిన పొద అది.

"అన్నా, ఆ మేకల్ని ఇవతలికి తెచ్చెయ్యాలి. వచ్చే ఎండలకి ఊట ఉండదు."

"నాన్న వదిలినవే అవి. నాన్న మాట కాదంటావా?"

"ఆకలికి ఓర్చుకున్నాం కదా మనం! ఆ నీళ్లే లేకపోతే బతికేవాళ్లమా?"

"నోరు లేని జీవాలే పాపం. అంత అడవిలో నాలుగు ఆకులు తింటే ఏం మునిగింది?"

"ఒక్కసారి వచ్చి నీ కళ్లతో చూడు."

"నాకు పనుంది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! రేవులో మిగతావాళ్లను అడిగితే, "పెద్దాయన ఒట్టు కదక్కా" అని నీళ్లు నమిలారు. ఒట్టట, ఒట్టు! ఎవరి గొంతు తడపడానికి?

మర్నాడు తనే తాళ్లు వేసుకుని బయల్దేరింది. తాగడానికి మేకలకూ ఆ ఊటే దిక్కు. అక్కడే ఉచ్చులు పన్ని, ఆ పూట పడ్డ కొన్నిటిని పడవలోకి ఎక్కించి, తెచ్చి అన్న పెరట్లో వదిలి గడియ పెట్టింది. ఇంట్లో ఎవరూ లేరు.

సాయంత్రం అన్న వచ్చి చూసేసరికి గోడ మీద మల్లెపొద లేదు, పుల్లలున్నాయి. ఒంటికాలి మీద లేచాడు.

"అమ్మ పెట్టిన పొదే! బుద్ధుందా నీకు?"

"నోరు లేని జీవాలే పాపం. నాలుగు ఆకులేగా తిన్నాయి!"

అతను కర్ర తీసి మేకపోతు మీదికి ఉరికాడు. ఆమె అడ్డం నిలబడింది.

"ముట్టుకోకు! నాన్న ఒట్టు!"

కర్ర గాలిలోనే ఆగింది. ఆమె కోపం తగ్గలేదు. "అమ్మ పొద పోయిందని నాకు లేదా ఏడుపు? ఒక్క పూటకే నీ పెరడు ఇలా అయింది. అక్కడ ఇన్నేళ్లుగా మేస్తున్నాయి. రేపు ఎవడి ఇంజనో ఆగిపోతే, వాడు ఆ బండ కింద నోరు పెట్టి ఏం తాగుతాడు? నాన్న మంచితనమా?"

అన్న కర్ర పారేసి లోపలికి పోయాడు. తెల్లారి మాత్రం పిలవకుండానే వచ్చి పడవెక్కాడు. దారి పొడుగునా ఆమె అతని మొహం చూడలేదు.

ఊట దగ్గర అతను మోకాళ్ల మీద కూర్చుని, చిన్నప్పటిలాగే రెండు చేతులూ దోసిలి పట్టి బండ కింద పెట్టాడు. ఒక బొట్టు పడింది. చాలాసేపటికి ఇంకొకటి. దోసిలి నిండుతుందని అతను అలాగే కూర్చున్నాడు, ఆమె అలాగే చూస్తూ ఉంది. చివరికి తడి అంటీ అంటని చేతులను మొహానికి రాసుకుని లేచాడు.

"ఉచ్చు ఎక్కడ వెయ్యాలో చెప్పవే" అన్నాడు.