మా నాన్న దవడ

సూర్యాపేట డిగ్రీ కాలేజీలో నాటకం మాకు సబ్జెక్టు కాదు. తెలుగు చెప్పే సారే క్లాసులయ్యాక బెంచీలు గోడవారకు జరిపించి నేర్పేవారు. అక్కడ నేర్చుకుని హైదరాబాద్‌లో యూనివర్సిటీలో థియేటర్ ఎం.ఏ. సీటు తెచ్చుకోవాలని నా పట్టుదల. మిర్యాలగూడలో ఇంటి పక్కనే కాలేజీ ఉన్నా అందుకే రోజూ బస్సెక్కేదాన్ని. కోదాడ నుంచి ఇంకో అమ్మాయి వచ్చేది. ఆమెకూ ఆ సీటే కావాలి.

సారుకు ఒక పద్ధతి ఉండేది. ఒకరు ఇంట్లోనో వీధిలోనో చూసిన మనిషిని చేసి చూపించాలి. తర్వాత ఆ మనిషినే మిగతావాళ్లంతా వంతులవారీగా చేయాలి. నేను మా నాన్నను చేశాను. వడ్ల ట్రాక్టర్‌తో మిల్లు గేటు దగ్గర నిలబడితే, మిల్లు మనిషి గుప్పెడు వడ్లు తీసి, అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది, గింజను కొరికి చూస్తాడు. పచ్చిగా ఉంటే ధర కోస్తాడు. అతను కొరుకుతున్నంతసేపూ ఎదురుగా మా నాన్న దవడ కదులుతుంది, ఖాళీ నోటితో. ఎండలో నిలబడి అది కనిపెట్టింది నేను.

కోదాడ అమ్మాయి తన వంతులో చేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. నాకు కొట్టలేదు. వాళ్ల నాన్నది సెల్‌ఫోన్ల షాపు. ఆమె మిల్లు గేటు ముఖం కూడా చూసి ఎరగదు.

యూనివర్సిటీ ఆడిషన్‌కు ఆమెను నాకంటే ముందు పిలిచారు. తెరిచిన తలుపు పక్కన కూర్చుని చూశాను. మా నాన్ననే చేసింది. చివర్లో, నేను ఎప్పుడూ చేయనిది, ఒక గుటక వేసింది. గదిలో ఎవరూ కదల్లేదు.

నేను మొదలుపెట్టగానే ప్రొఫెసర్ ఆపారు.

"ఇది ఇప్పుడే చూశాం కదమ్మా. ఇంకోటి ఉందా?"

ఉంది. సారు రెండోది కూడా తయారు చేయించారు.

"లేదు సార్. ఇదే చేస్త," అన్నాను. చేశాను. మర్యాదకు చూశారు.

బయట ఆమె నా కోసం ఆగింది. "ఏంటే, ముఖం అలా పెట్టావ్? అందరం చేసిందేగా?"

"మా నాయన్ని అందరు చేసుడేందే? నీకు నాయన లేడా?"

"మా నాన్న ఫోన్లకి గ్లాసులు అంటిస్తాడే. అందులో ఏం చేయను?" అని నవ్వింది.

సారుకు చెప్పుకుంటే, "నాటకంల నీది నాది ఏందమ్మా? ఆ పిల్ల మంచిగ చేసింది," అన్నారు. ఆ 'మంచిగ' నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు.

సీటు ఆమెకు వచ్చింది. ఆ యాసంగి కోతలయ్యాక వడ్లతో మిల్లు దగ్గరికి వెళ్లి నాన్నను మళ్లీ చూశాను. మిల్లు మనిషి గింజ ఉమ్మేశాక, ధర చెప్పేలోగా, నాన్న గుటక వేశాడు. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి నాకు కనబడనిది ఆమె చూడకుండానే ఎలా చేసిందో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

మరుసటి ఏడు నాకూ సీటొచ్చింది. ఈసారి ఆడిషన్‌లో ఏం చేయబోతున్నానో సారుకు కూడా ముందు చూపించలేదు. ఇక్కడ యూనివర్సిటీలో సీనియర్లను అక్కా అని పిలవాలి. నా క్లాసువాళ్లంతా ఆమెను అలాగే పిలుస్తారు, డౌట్లు అడుగుతారు, ఆమె చేసేది చూసి నేర్చుకుంటారు. నేనూ చూస్తాను, వెనక వరసలోంచి. అక్కా అని మాత్రం ఇంతవరకు అనలేదు.