కారం చలిమిడి

"కరెంటొచ్చిందండోయ్!"

వీధి చివర నుంచి ఆ కేక వినపడగానే కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేసి మర దగ్గరికి ఒకటే పరుగు. ఆ పరుగే నా కొంప ముంచింది. వియ్యాలవారి ముందు నా పరువు నేనే పిండి పట్టుకున్నాను, వినండి!

మాది తణుకు దగ్గర పల్లెటూరు. నాకో పిండిమర ఉంది. మొన్నటిదాకా రెండుండేవి, కారానికొకటి, పిండికొకటి. కరెంటు ఛార్జీలు పెంచారు కదండీ! మోటారు తిరిగినా తిరక్కపోయినా, హార్స్‌పవర్‌ని బట్టి మినిమమ్ బిల్లు కట్టాల్సిందేనట. పొద్దస్తమానం కరెంటు తీసేసేది వాళ్ళు, బిల్లు కట్టేది నేనూనా? ఒళ్ళు మండి ఓ మోటారు అమ్మేశాను. అప్పట్నుంచి కారమైనా, పిండైనా ఒకే మర. కారం పట్టాక కాసిని నూకలు పోసి తిప్పితే రాళ్ళు శుభ్రమైపోతాయి. ఆ తర్వాతే పిండి. అదీ పద్ధతి.

ఆ రోజు మా ఇంట్లో మా అమ్మాయి సీమంతం. రాజమండ్రి నుంచి వియ్యాలవారు వస్తున్నారు. అసలే మా వియ్యపురాలు, "మీ ఊళ్ళో కరెంటే ఉండదు కదా అన్నయ్యగారూ! పురుడు మా దగ్గరే పోయిస్తాం" అని ముందే అనేశారు. తొలి కాన్పు పుట్టింట్లో కాకపోతే మా ఆవిడ తట్టుకుంటుందా? "ఈ పూట ఏ లోటూ రాకూడదు. ఆవిడ మనసు మారాలి" అని నాకు గట్టి వార్నింగు.

పొద్దున ఓ హోటలాయన తెచ్చిన మిరపకాయలు పడుతుంటే సగంలో పోయిన కరెంటు, పదకొండింటికి వచ్చింది. గబగబా ఆ మిగతా కారం పట్టేశాను. అప్పటికే మా ఆవిడ చలిమిడికి నానబెట్టిన బియ్యం బేసిన్‌తో నుంచుంది.

"నూకలు తిప్పారా?"

"అవి తిప్పేలోపు కరెంటు పోతే? రోట్లో దంచుకుంటావా?"

బియ్యం పోసేశాను. ఆఖరి గుప్పెడు దిగిందో లేదో, టప్పున కరెంటు పోయింది. "చూశావా నా తెలివి!" అన్నాను మీసం దువ్వుకుంటూ. మా ఆవిడ వరసగా నాలుగు తుమ్ములు తుమ్మింది. "జలుబు చేసినట్టుంది, మాత్ర వేసుకో" అన్నాను కూడాను!

బెల్లం చలిమిడి కదండీ, రంగు బయటపడలేదు. దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకోకూడదు కదండీ, రుచీ బయటపడలేదు.

హారతయ్యాక వియ్యపురాలు, "కడుపు చలవమ్మా, తిను" అంటూ కోడలి నోట్లో ముద్ద పెట్టారు. మా అమ్మాయి నమిలింది. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు! "పుట్టింటి మమకారం!" అని పేరంటాళ్ళలో ఒకావిడ తనూ కళ్ళొత్తుకుంది.

"ఎలా ఉందే?"

"బా... బావుందత్తయ్యా" అని నవ్వింది నా పిచ్చితల్లి.

దాంతో వియ్యపురాలూ ఓ ముద్ద వేసుకున్నారు. పక్కన వియ్యంకుడికీ ఇంత పెట్టారు.

"అమ్మో! అమ్మో! ఇదేంటండీ వదినగారూ!"

మా ఆవిడ నా వంక చూసిన చూపుంది చూశారూ, దానితో మా ఊరికంతటికీ కరెంటు ఇవ్వొచ్చు. ఇంక దాచేదేముందని లేచి నిలబడి జరిగిందంతా చెప్పేశాను. చెప్తుంటే మంట నెత్తికెక్కింది. "పేపర్లో చూస్తే రాష్ట్రం ప్రగతిలో దూసుకుపోతోందట! రెండు మరలవాణ్ణి ఒక మరవాణ్ణి చేశారు. పక్కూరి రైసుమిల్లువాడు ఒక షిఫ్టు ఎత్తేస్తే కూలీలు ఇళ్ళలో కూర్చున్నారు. మోటారే తిరక్కపోతే ప్రగతి ఎలా తిరుగుతుందండీ? ఈ ఛార్జీలు పెంచినవాళ్ళని..."

"బావగారూ!" వియ్యంకుడు చేతులు జోడించారు. "ముందు మంచినీళ్ళు ఇప్పించండి. ఆ తర్వాత గవర్నమెంటుని ఇద్దరం కలిసి తిడదాం."

వియ్యపురాలు నోరు విసురుకుంటూ కోడలి వంక తిరిగారు. "ఇంత కారం మింగి బావుందన్నావా? మీ నాన్న పరువు కోసమేనా?"

అమ్మాయి తల దించుకుంది. ఆవిడ కోడలి తల నిమిరి, మా ఆవిడ వైపు తిరిగారు.

"సరేలెండి వదినగారూ. దీని ప్రాణమంతా ఇక్కడే ఉంది. పురుడు మీరే పోయించండి. విసనకర్రలు మాత్రం నాలుగు కొనిపెట్టుకోండి. అన్నయ్యగారిని వంటింటి దరిదాపులకి రానివ్వకండి!"

అందరూ ఒకటే నవ్వులు. విస్తళ్ళు పరిచారు. వియ్యాలవారూ, నేనూ, అమ్మాయీ, పేరంటాళ్ళూ అంతా భోజనాలకి కూర్చున్నాం. మా ఆవిడ అందరికీ పులిహోర, గారెలు, పరమాన్నం కొసరి కొసరి వడ్డించింది. నా దగ్గరికి రాగానే చలిమిడి పళ్ళెం పట్టుకొచ్చి మొత్తం నా విస్తట్లో బోర్లించింది.

"మీ తెలివేగా! ఒక్క ముద్ద కూడా వేస్టవ్వకూడదు, కానివ్వండి."