నూలుదారంతో కొలిచిన స్వామి

నిన్న ఒక గుడిలో పూజారి చింతపండు గుజ్జుతో పంచలోహ విగ్రహాన్ని తోముతుంటే ఆ పుల్లటి వాసన మండపంలో కూర్చున్న నా దాకా వచ్చింది. విగ్రహాల వివరాలు నమోదు చేస్తూ ఊళ్లు తిరగడం నా ఉద్యోగం. ఆ వాసన తగిలితే చాలు, ఖాజా సార్ గుర్తొస్తారు. ఈ పని నాకు నేర్పింది ఆయనే. డోన్ ఊరి మనిషి. మాట తక్కువ, చాదస్తం ఎక్కువ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇద్దరం వేంపల్లె దగ్గర ఒక ఊరి చెన్నకేశవాలయానికి వెళ్లాం. అక్కడ ఉత్సవ విగ్రహాలు రెండే. ఒక్కో విగ్రహం వివరాలకు ఒక్కో కార్డు. స్వామి కార్డు ఆయన రాస్తానన్నారు, అమ్మవారిది నన్ను రాయమన్నారు. గర్భగుడిలోకి పూజారి తప్ప ఎవరూ వెళ్లకూడదు. అందుకని సార్ గడప బయట గొంతుక్కూర్చుని, పూజారి చేతికి నూలుదారం ఇచ్చి, కొలిచిన చోటల్లా ముడి వేయించి, ఆ దారాన్ని టేపు మీద పరిచి రాసుకునేవారు. ఆ శనివారం అభిషేకానికి స్వామి పట్టుబట్టలు తీసేదాకా మూడు గంటలు అలాగే కూర్చున్నారు.

"ఏం సాయిబూ, స్వామికేమన్నా చొక్కా కుట్టిస్తాండావా?" అన్నాడు పూజారి.

"కుట్టిస్తాలే స్వామీ. ముందు ఈపు పక్క చూడు, యాడన్నా సొట్ట ఉండాదా?"

ఎడమ భుజం కింద చింతగింజంత సొట్ట ఉంది. దాన్నీ కొలిపించి రాశారు. అమ్మవారికి అభిషేకం శుక్రవారమేనట. మళ్లీ అంత దూరం రావాలంటే నాకు బద్ధకమేసింది. చీరతో, దండలతోనే ఒక ఫోటో తీసి, ఎత్తు కంటి అంచనాతో రాసేశాను.

ఫోటో చూసి సార్, "చీర బాగా పడిందమ్మా. శుక్రవారం ఒకసారి పోయిరా" అన్నారు. పోతానన్నాను. పోలేదు.

ఆయన రిటైరయ్యాక ఆ రెండు విగ్రహాలూ దొంగల పాలయ్యాయి. కొన్నేళ్లకు విదేశంలో ఒక మ్యూజియంలో తేలాయి. దొంగిలించి దేశం దాటించిన ఇలాంటి వస్తువులను తిరిగి ఇవ్వాలని దేశాల మధ్య ఒప్పందం ఉంది. కాకపోతే ఆ వస్తువు తమదేనన్న రుజువు అడిగినవాళ్లే చూపించాలి. సార్ కొలతలు, ఆ సొట్ట సరిపోయి స్వామి బయలుదేరాడు. అమ్మవారి విషయంలో మాత్రం, చీర కప్పిన ఫోటో చాలదని జవాబు వచ్చింది.

డోన్ వెళ్లి సార్ ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

"చట్టం మన పక్కే ఉండాదమ్మా. అది మాట్లాడల్లంటే మన రాత ఉండల్ల" అన్నారు. "ఆ శుక్రవారం నేనన్నా పోయింటే అయిపోయిండేది" అని తప్పులో సగం తన మీద వేసుకున్నారు. ఆ మరుసటి ఏడే ఆయన పోయారు.

స్వామి ఊరు చేరిన రోజు మేళాలు, హారతులు. సంతోషించాల్సిన చోట నేను ఒక స్తంభం చాటున నిలబడ్డాను. ఒక అవ్వ నన్ను వెతుక్కుంటూ వచ్చి, "అమ్మ యాడమ్మా?" అని అడిగింది.

వస్తుందిలే అనబోయాను. మానుకున్నాను. "నేను సరిగ్గా రాయలేదవ్వా. అందుకే ఇవ్వలేదు" అని చెప్పేశాను.

అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "అట్లయితే నువ్వే తేవల్ల" అని వెళ్లిపోయింది.

ఏటా స్వామి కల్యాణం, పక్కన అమ్మవారికి బదులు పసుపు కలశం పెట్టి జరుగుతోంది. వీలైనప్పుడల్లా ఆ ఊరు వెళ్లి ఇంటింటా పాత ఫోటోలు అడుగుతున్నాను, అమ్మవారి అభిషేకం వేళ ఎవరైనా తీసింది ఒక్కటైనా ఉంటుందేమోనని. ఇంకా పదకొండు ఇళ్లు మిగిలాయి.