అయస్కాంతానికి అంటుకున్న స్టీలు

1999 జూన్‌లో బందరులోని ఒక ట్రస్టు దంతవైద్యశాలలో, కట్టుడుపళ్ల విభాగంలో జూనియర్ కన్సల్టెంటుగా చేరాను. నాపైన చీఫ్ గారొక్కరే. కొలతలు తీయడం, నోట్లో అమర్చడం నా పని. ఏ లోహం వాడాలో, ఎక్కణ్ణుంచి తెప్పించాలో నిర్ణయించడం ఆయన పని.

అప్పట్లో మేము అయస్కాంతంతో నిలిచే సెట్లు చేసేవాళ్లం. కింది దవడలో మామూలు కట్టుడుపళ్లు సరిగా నిలవవు. మాట్లాడితే లేస్తాయి, నవ్వితే జారతాయి. కోరపళ్ల వేర్లు రెండు మిగిలి ఉంటే వాటి మీద అయస్కాంతానికి అంటుకునే స్టీలు టోపీలు అతికించి, సెట్టు అడుగున చిన్న అయస్కాంతాలు పెడతాం. సెట్టు టక్కున కూర్చుంటుంది.

గుడివాడ నుంచి వచ్చిన తెలుగు మాస్టారికి సరిగ్గా ఆ రెండు వేర్లే మిగిలాయి. పద్యం చదువుతుంటే సెట్టు ఊడుతోందని, పిల్లలు నవ్వుతున్నారని, హెడ్‌మాస్టరు తనను క్లాసులు మానిపించి ఆఫీసు గదిలో కూర్చోబెడతానంటున్నారని చెప్పారు. రిటైరవడానికి ఇంకా రెండేళ్లుంది. "పాఠం చెప్పకుండా జీతం తీసుకోలేనండీ డాక్టరమ్మగారూ" అన్నారు. పద్ధతంతా విన్నాక ఒక్క అనుమానం అడిగారు. "గిన్నెల కొట్లో మాగ్నెట్‌కి అంటుకునే స్టీలు కొనొద్దంటారు కదండీ, తుప్పు పడుతుందని?" అడగవలసిన ప్రశ్నే. అంటుకున్నంత మాత్రాన తుప్పు పడుతుందని కాదనీ, తగినంత క్రోమియం ఉంటే కంటికి కనపడని పొర ఏర్పడి స్టీలును కాపాడుతుందనీ చెప్పాను. అందులో అబద్ధం లేదు.

అయితే ఆ నెలలోనే టోపీలు చేసే స్టీలు కడ్డీల పాత సరుకు అయిపోయింది. కొత్తగా వచ్చిన కడ్డీలతో పాటు, వాటిలో ఏ లోహం ఎంతుందో చెప్పే పరీక్షాపత్రం రాలేదు. చీఫ్ గారు జేబులోంచి అయస్కాంతం తీసి కడ్డీకి తాకించారట. గట్టిగా పట్టుకుంది. "పాసు" అన్నారట. అయస్కాంతం మేకుకు కూడా అంటుకుంటుంది. ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మాస్టారి టోపీలు ఆ కొత్త కడ్డీలతోనే చేశాం. ఆ వర్షాకాలం, చలికాలం ఆయన హాయిగా పాఠాలు చెప్పారు. ఎండలు ముదిరేసరికి నోట్లో ఇనుము రుచి వస్తోందంటూ వచ్చారు. టోపీల అంచుల్లో గోధుమరంగు మరక, పైన సూదితో పొడిచినట్టు గుంటలు. అంచు కింద వేరు పుచ్చిపోతోంది. చీఫ్ గారు చూసి, దేనితో పుక్కిలిస్తున్నారని అడిగారు.

"గోరువెచ్చని ఉప్పునీళ్లండీ. ఇక్కడే చెప్పారు కదండీ."

"అదే మరి. ఉప్పుతో మీరే పాడుచేసుకున్నారు."

పన్ను పీకినా, చిగురు వాచినా మా ఆసుపత్రిలో మొదట చెప్పేది ఉప్పునీళ్లతో పుక్కిలించమనే. మా వైపు మేము చెప్పకపోయినా ఇంటింటా చేసేది అదే. ఉప్పునీటికి ఆగని లోహం అసలు నోట్లో పెట్టడానికే పనికిరాదు. అది ఆయనకు తెలియక కాదు. నాకు ఒళ్లు మండిపోయింది.

పాత కడ్డీ ముక్కనూ కొత్త కడ్డీ ముక్కనూ ఒకేలా పాలిష్ చేసి, రెండు గ్లాసుల ఉప్పునీళ్లలో వేసి కిటికీలో పెట్టాను. వారం తిరిగేసరికి కొత్తది ఎర్రబడింది, పాతది మెరుస్తూనే ఉంది. రెండూ తీసుకెళ్లి చీఫ్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన మళ్లీ అయస్కాంతమే తీశారు. రెండూ అంటుకున్నాయి. "రెండూ ఒకటేగా?" అన్నారు. నేను కదలకపోయేసరికి గొంతు తగ్గించి, "అయితే కృత్తివెన్ను నుంచి నాగాయలంక దాకా పెట్టినవాళ్లందర్నీ పిలిపించి, ఊడదీసి మళ్లీ పెడదామంటావా అమ్మా?" అన్నారు. పెడదామనే అన్నాను.

మర్నాటి నుంచి నన్ను పళ్లు పీకే గదికి మార్చారు. కొత్త కడ్డీలను అయిపోయేదాకా వాడారు.

మాస్టారి వేర్లు రెండూ ఆ గదిలోనే, నా చేత్తోనే తీశాను. తప్పు ఆయనది కాదనీ, స్టీలే మంచిది కాదనీ చెప్పాను. ఆయన నోట్లో దూది పెట్టుకునే తల అడ్డంగా ఊపారు. "లేదమ్మా, పెద్ద డాక్టరుగారు చెప్పారుగా. నేనే ఉప్పు కాస్త ఎక్కువేసుకునేవాణ్ణి" అన్నారు. రిటైరయ్యేదాకా ఆఫీసు గదిలోనే కూర్చున్నారని తర్వాత విన్నాను.

ఆ ఉద్యోగం నాకు నేర్పింది ఇంతే. నోట్లో పెట్టిన లోహం చెడితే నేరం దాన్ని ఎంచినవాడి మీద పడదు, మోసినవాడి మీద పడుతుంది. మోసినవాడు ఒప్పుకుంటాడు కూడా.